లారీ లేనివాడు

2025 ఆగస్టులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డప్పుడు, పద్నాలుగేళ్ళ కిందటి ఒక తీర్పు మళ్ళీ జనం నోళ్ళలో పడింది. 2011 జులై 5న ఆయన, జస్టిస్ నిజ్జర్ కలిసి ఇచ్చిన సల్వా జుడుం తీర్పు. అది రాకపోయి ఉంటే 2020 కల్లా నక్సలిజం అంతమైపోయేదని కేంద్ర హోంమంత్రి అన్నారు. అది తన సొంత తీర్పు కాదనీ, సుప్రీంకోర్టు తీర్పనీ, ముందు చదవమనీ ఆయన జవాబిచ్చారు.

ఆ వారం నేను కోడూరులో ఉన్నాను. మా బావకి రొయ్యల చెరువులున్నాయి. రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఈ గొడవే నడుస్తుంటే అడిగాడు.

"నా చెరువు గట్టు మీద నేనే పడుకుంటా బావా. అద్దె మనిషిని పెడితే రెండో వారానికి చెరువులో రొయ్యుండదు. ఆ అడివిలో వాళ్ళూ అంతేగదా! వాళ్ళ ఊరు వాళ్ళే కాసుకుంటామంటే, వాళ్ళ చేతిలో తుపాకీ లాగేసుకోమని మన తెలుగు జడ్జీగారు చెప్పటమేంటి?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. తీర్పు చదివాననే గర్వం మాత్రం ఉంది. చదివినవాడి దగ్గర జవాబు లేకపోవడం చదవనివాడికి చాలా సంతోషం కలిగిస్తుంది. బావ టీవీ కట్టేసి, టార్చిలైటు తీసుకుని చెరువు మీదకి పోయాడు. అప్పటినుంచి ఆ ప్రశ్నతో నేను పడుతున్న కుస్తీ ఇది.

బావ అన్నది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. పెద్దపెద్ద దేశాలు నడిపేవాళ్ళు కూడా అదే మాట అంటారు, కాస్త ఇస్త్రీ చేసి. ఒక దేశంలో తిరుగుబాటు వస్తుంది. బలమున్న మరో దేశం సాయానికి వెళ్తుంది. కొన్నాళ్ళకి, ఇది వాళ్ళ పోరాటం, వాళ్ళే చేసుకోవాలి, మనం తర్ఫీదు ఇద్దాం, ఆయుధాలిద్దాం, జీతాలిద్దాం, క్రమంగా పగ్గాలు వాళ్ళకిచ్చేసి వచ్చేద్దాం అంటుంది. 1969లో నిక్సన్ ప్రభుత్వం వియత్నాంలో చేసింది అదే. వినడానికి ఎంత మర్యాదగా ఉంటుందో చూడండి. పరాయివాడు తప్పుకుని ఇంటివాడికి తాళం చెవి ఇచ్చినట్టు.

పైగా పరాయివాడే వచ్చి కాపలా కాస్తే ఎలా ఉంటుందో కృష్ణా జిల్లా వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1948, 49ల్లో కమ్యూనిస్టులను అణచడానికి మద్రాసు ప్రభుత్వం మా జిల్లాలోకి మలబారు స్పెషల్ పోలీసులను దించింది. 1921 మాపిళ్ళ తిరుగుబాటు నాటి దళం అది. మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదకి పంపినవాళ్ళలోనూ ఆ దళం ఉంది. వాళ్ళకి తెలుగు రాదు. ఎవరు కమ్యూనిస్టో, ఎవరు కౌలు రైతో, ఎవరు ఉత్తి పుణ్యానికి అరుగు మీద కూర్చున్నారో తెలీదు. తెలీనివాడికి అందరూ ఒకటే. 1949లో కాటూరు, యలమర్రు గ్రామాల్లో మగవాళ్ళను బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పించిన సంగతి మా తరం వాళ్ళం పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకుంటుంటే విన్నాం. గుసగుసగానే ఎందుకంటే, ఆ వరసలో నడిచినవాళ్ళు అప్పటికింకా బతికే ఉన్నారు, పెళ్ళిళ్ళలో మన పక్క బంతిలో కూర్చునేవాళ్ళు.

కాబట్టి పరాయి కాపలా కంటే సొంత కాపలా మేలు అనే మాటలో న్యాయం ఉంది. ఇక్కడిదాకా నేనూ బావా ఒకటే.

కానీ ఆ మలబారు రోజుల గురించి నాకు తెలిసిన ఇంకో కథ ఉంది. మా చిన్నప్పుడు కోడూరులో మా వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. మేమంతా తలారి తాత అనేవాళ్ళం. నిజానికి ఆయన మా ఊరి తలారి కాదు. దివి తాలూకాలోనే పైన ఇంకో ఊళ్ళో తలారీగా చేసి, ఆ గొడవల తర్వాత అత్తగారి ఊరు కాబట్టి కోడూరు వచ్చేశాడు. ఏ గొడవలో నేను ఇంటర్ చదివే రోజుల్లో గానీ చెప్పలేదు. అప్పట్లో నేను అవనిగడ్డ కాలేజీ నుంచి కొత్తగా రాజకీయాలు మోసుకొచ్చి అందర్నీ ప్రశ్నలతో చంపేస్తుండేవాణ్ణి.

ఊళ్ళోకి లారీలో పోలీసులొచ్చారు. తలారిని పిలిచారు. ప్రభుత్వ జీతగాడు కదా. ఫలానావాళ్ళ ఇళ్ళు చూపించమన్నారు. మూడు ఇళ్ళు చూపించాడు. ఆ రాత్రి ఆ మూడిళ్ళలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను అడిగింది ఒకటే.

"ఎందుకు చూపించావు తాతా?"

"చూపించకపోతే ఆళ్ళు కొడతారు, చూపిస్తే ఊరు కొడుద్ది. ఆ పూటకి ఎదురుగా ఉన్నోడు ఆడేగా."

కాసేపాగి మళ్ళీ అన్నాడు.

"నాలుగు నెల్లుండి ఆళ్ళు లారీ ఎక్కి పోయారురా అబ్బాయ్. నాకు లారీ లేదు."

అప్పుడు నాకది ఒక ముసలాయన గొణుగుడులా వినపడింది. ఇప్పుడు, లోకంలో ఎక్కడెక్కడి యుద్ధాల గురించి చదివినా, ముందు ఆ లారీ కోసమే వెతుకుతున్నాను. ఎవరికి ఉంది, ఎవరికి లేదు?

శ్రీలంక సంగతే తీసుకుందాం. అమెరికావాళ్ళని అనడం సులువు, ఇది మనం చేసింది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మన సైన్యం శాంతి పరిరక్షణ దళం పేరుతో వెళ్ళింది. టైగర్ల ఆయుధాలు తీసుకుంటామని వెళ్ళి, అక్టోబరు కల్లా టైగర్లతోనే యుద్ధంలో దిగింది. దాదాపు 1,200 మంది మన సైనికులు అక్కడ చనిపోయారు. 1988లో ఈశాన్య రాష్ట్రానికి ఎన్నికలు పెట్టి, వరదరాజ పెరుమాళ్‌ని ముఖ్యమంత్రిని చేశారు. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన సైన్యాన్ని వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళక తప్పదు. మరి పెరుమాళ్ ప్రభుత్వాన్ని ఎవరు కాపాడాలి? అక్కడి తమిళులే కాపాడుకోవాలి. అందుకోసం మన ఆసరాతో తమిళ జాతీయ సైన్యం అని ఒకటి పుట్టించారు. మనుషులు చాలకపోతే కుర్రాళ్ళను బలవంతంగా పట్టుకొచ్చి చేర్చారు. కొద్ది వారాల తర్ఫీదు, చేతికో తుపాకీ.

నాతో ఇంటర్ చదివి సైన్యంలో చేరినవాడొకడు ఆ రోజుల్లో ట్రింకోమలీలో ఉన్నాడు. వాడు సెలవుకొచ్చినప్పుడల్లా ఒకే విషయం మాట్లాడేవాడు. మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదని. ఆ అవమానం వాణ్ణి చాలా ఏళ్ళు తిన్నది. ఆ కుర్రాళ్ళ గురించి నేను గుచ్చి అడిగితే మాత్రం, "పిల్లలురా, మీసాలు కూడా రాలేదు" అని మాట మార్చేవాడు.

మన దళాలు ఒక్కో ప్రాంతం ఖాళీ చేస్తుంటే టైగర్లు వెనకాలే వచ్చి ఆ సైన్యాన్ని ఊడ్చేశారు. 1990 మార్చి 24న మన ఆఖరి దళం ఓడెక్కింది. పెరుమాళ్ కూడా అంతకుముందే భారతదేశం చేరుకున్నాడు. ఆయనకి ఓ లారీ దొరికింది. పట్టుకొచ్చి చేర్చిన కుర్రాళ్ళకి దొరకలేదు. వాళ్ళు ఎవరిని కాపాడాలని చేరారో కాదు గదా, చేరాలని కూడా అనుకోలేదు. అయినా శత్రువు లెక్కలో ద్రోహులు వాళ్ళే. 'మీ పోరాటం మీరే చేసుకోండి' అనే మర్యాదైన మాట వాళ్ళదాకా వచ్చేసరికి ఇలా తేలింది.

కాబూల్ గురించి ఎక్కువ చెప్పను, అందరం టీవీలో చూశాం. ఒక్క సంగతి చాలు. తాను పదవిలోకి వచ్చిన 2014 తర్వాత 45,000 మందికి పైగా తమ సైనికులు, పోలీసులు చనిపోయారని అధ్యక్షుడు ఘనీ 2019 జనవరిలో చెప్పాడు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. మర్నాడు అమెరికా అధ్యక్షుడు బైడెన్, ఆఫ్ఘన్ సైన్యం తన కోసం తాను పోరాడటానికి సిద్ధంగా లేనప్పుడు మనవాళ్ళు ఎందుకు చావాలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. తప్పుకునేవాడికి ఒక వసతి ఉంది. గెలిస్తే తన తర్ఫీదు గొప్ప. ఓడితే వాడి చేతగానితనం, ఎందుకంటే పోరాటం వాడి సొంతం కదా.

ఇప్పుడు బస్తరుకి వస్తాను. ఛత్తీస్‌గఢ్ దేశం కాదు, రాష్ట్రమే. కానీ మాట అదే, చేతులు మారుతూ కిందికి దిగుతుంది. శాంతిభద్రతలు రాష్ట్రాల బాధ్యత, మేము సాయం చేస్తాం అని కేంద్రం అంటుంది. రాష్ట్రం, ఇది ఆదివాసులే స్వచ్ఛందంగా లేచిన ఉద్యమం అంటుంది. 2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైంది. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దాని ముందున్నాడు, బీజేపీ ప్రభుత్వం వెనకున్నది. ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరాలకు పోనివాళ్ళు నక్సలైట్ల వాళ్ళన్నమాట. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు వేలమంది సరిహద్దు దాటి మన ఖమ్మం అడవుల్లోకి వచ్చి గుడిసెలేసుకున్నారు. గుత్తికోయలని మనం పిలిచేది వాళ్ళనే.

శిబిరాల్లోని కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా చేర్చుకున్నారు. పేరులో అధికారి ఉన్నాడు. గౌరవ వేతనం నెలకి 3,000 రూపాయలు, అందులో కేంద్రం వాటా ఉంది. చదువు అయిదో తరగతి ఉంటే చాలు. రెండు నెలల తర్ఫీదు. ఆ రెండు నెలల్లోనే తుపాకీ కాల్చడంతో పాటు శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం, మానవ హక్కులు కూడా నేర్పామని ప్రభుత్వం కోర్టుకి చెప్పింది. లా చదివినవాళ్ళకి మూడేళ్ళు ఎందుకు పట్టిందో మరి. వీళ్ళ పని ముందు నడవడం. భాష వచ్చు, దారి తెలుసు, ఎవరి ఇల్లు ఎక్కడో తెలుసు.

ఎవరి ఇల్లు ఎక్కడో తెలుసు అన్నచోట నాకు తలారి తాత గుర్తొచ్చాడు.

2007 మార్చి 15న రాణిబోద్లి పోలీసు క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేస్తే 55 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎస్పీవోలే. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో సీతారామరాజు మనుషులు ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. తుపాకీ మోస్తున్నా వీళ్ళు మనవాళ్ళే అన్న లెక్క ఏదో ఆ రోజు ఉంది. రాణిబోద్లి నాటికి ఆ లెక్క తిరగబడింది. మనవాడు కాబట్టే మరీ చంపాలి. ఈ తిరగబడటానికి మావోయిస్టులే జవాబుదారీలు, అందులో నాకేం సందేహం లేదు. ఇన్ఫార్మర్లని పేరుపెట్టి వాళ్ళు చంపిన ఆదివాసుల జాబితా చిన్నది కాదు. కానీ వాళ్ళు అలాగే చేస్తారని తెలిసి కూడా ఆ కుర్రాణ్ణి ముందు నిలబెట్టినవాడికి ఏ బాధ్యతా లేదా?

ఇక్కడ బావ ప్రశ్న అసలు పదునుతో తగులుతుంది. మావోయిస్టులు తండ్రిని చంపిన కుర్రాడొకడు ఉన్నాడనుకోండి. అలాంటివాళ్ళు ఎస్పీవోల్లో ఉన్నారు కూడా. వాడే వచ్చి నాకు తుపాకీ ఇవ్వండి అంటే, కోడూరులో ఫ్యాను కింద కూర్చున్న నేను వద్దని ఎలా అంటాను? నీకు అయిదో తరగతే ఉంది, నీ కోపం నీకు మంచిది కాదు అనడంలో వాణ్ణి చిన్నపిల్లాడిలా చూడటం లేదా? తీర్పు చదువుతున్నప్పుడు ఇదే నన్ను ఇబ్బంది పెట్టింది. చదువు తక్కువ కాబట్టి వాళ్ళు ఇష్టపడి చేరారన్నది చెల్లదు అనే వాదన ఎంతదూరం పోతుందో నాకు భయమే. అదే వాదనతో వాళ్ళ ఓటు కూడా చెల్లదనొచ్చు.

అయితే ఆ తీర్పులోనే ఇంకో చోట ఉంది అసలు విషయం. తుపాకులు వెనక్కి తీసుకోమన్నప్పుడు, ఈ కుర్రాళ్ళకి రక్షణ కల్పించే బాధ్యత కూడా రాష్ట్రానిదేనని కోర్టు చెప్పింది. ఈ తాత్కాలిక ఉద్యోగం అయిపోయాక వీళ్ళ గతేమిటని అడిగింది. అంటే లారీ గురించి అడిగింది. తుపాకీ అడిగే హక్కు ఆ కుర్రాడికి ఉందని ఒప్పుకుందాం. మరి దించే హక్కు ఉందా? ఇక నేను పోరాడను, ఊరికి పోతాను, వాళ్ళతో మాట్లాడుకుంటాను అనే హక్కు? బావకి తన చెరువు మీద ఆ హక్కుంది. ఒక రాత్రి నిద్రొస్తే ఇంటికొచ్చేస్తాడు. నష్టమొస్తే చెరువు పూడ్చి మళ్ళీ వరి వేస్తాడు. కాపలా ఆయనది, చెరువు ఆయనది, మానేసే నిర్ణయం కూడా ఆయనదే. బస్తరు కుర్రాడికి మొదటిది ఒక్కటే ఇచ్చారు.

తీర్పు తర్వాత ఏమైందో తెలిసిందే. ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్ ఆర్డినెన్సు తెచ్చి చాలావరకు వాళ్ళనే సహాయక సాయుధ పోలీసులుగా మార్చుకుంది. జిల్లా రిజర్వు గార్డు అనే దళంలో స్థానిక కుర్రాళ్ళతో పాటు లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు. 2025 మే 21న అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, శ్రీకాకుళం జిల్లా మనిషి, చనిపోయింది ఆ దళం చేతుల్లోనే. ఆ నవంబరులో మా కృష్ణా జిల్లాలోనూ, విజయవాడ చుట్టుపక్కలా తలదాచుకున్న ఛత్తీస్‌గఢ్ యువతను మావోయిస్టులంటూ అరెస్టు చేశారు. బావ ఫోను చేశాడు. "చూశావా, గెలిచారుగా!" అన్నాడు. గెలిచారు. దాన్ని కాదనను. గెలుపుతో ఈ ప్రశ్న తీరదని మాత్రం అన్నాను. అయితే నీ ప్రశ్న ఎప్పటికి తీరుద్ది బావా అని నవ్వాడు.

నాకు తెలిసినంతలో, పగ్గాలు నిజంగా చేతిలోకి తీసుకోవడం అంటే ఏమిటో కాస్తయినా కనపడింది ఒక్కసారే. 2004 అక్టోబరులో. ఆంధ్రప్రదేశ్‌కి అప్పటికే గ్రేహౌండ్స్ ఉంది. 1989లో కె.ఎస్. వ్యాస్ పెట్టిన దళం. తర్వాత ఎన్నో రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్న దళం. పోరాడే శక్తి లేక కాదు. అయినా రాష్ట్రం కూర్చుని మాట్లాడతానంది. నల్లమల నుంచి నక్సలైటు నాయకులు బయటికొచ్చారు. హైదరాబాదులో అక్టోబరు 15 నుంచి నాలుగు రోజులు చర్చలు జరిగాయి. వాటికి ఏళ్ళ తరబడి నేల సిద్ధం చేసిన ఎస్.ఆర్. శంకరన్ గారిని 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లే అపహరించారు. ఆ మనిషే తర్వాత వాళ్ళకీ ప్రభుత్వానికీ మధ్య నిలబడ్డాడు. అలాంటివాళ్ళు మనకి ఉన్నారని ఇప్పుడు తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. చర్చలు విఫలమయ్యాయి. 2005 జనవరి కల్లా మళ్ళీ కాల్పులే. తప్పు మీదంటే మీదని రెండు పక్షాలూ ఇప్పటికీ అంటాయి. అయినా ఆ నాలుగు రోజులు నాకు ముఖ్యం. పోరాడటమా మాట్లాడటమా అన్నది ఆ గదిలో ఉన్నవాళ్ళ చేతుల్లో ఉంది.

పెరుమాళ్ కుర్రాళ్ళకి ఎవరైనా ఆ గది చూపించారా? టైగర్లతో మీరే మాట్లాడుకోండి, మేం అడ్డురాము అని ఎవరైనా అన్నారా? సాయం చేసే దేశం తుపాకులిస్తుంది, బూట్లిస్తుంది, మ్యాపులిస్తుంది. రాజీపడే అధికారం మాత్రం ఇవ్వదు. రాజీ తనకి నచ్చకపోవచ్చు కదా. కాబూల్‌లో అయితే ఇంకా అన్యాయం. 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబాన్‌తో అమెరికాయే ఒప్పందం చేసుకుంది. ఆ బల్ల దగ్గర ఆఫ్ఘన్ ప్రభుత్వానికి కుర్చీ కూడా వేయలేదు. పోరాటం వాళ్ళది, రాజీ వీళ్ళది.

ఇదంతా బావకి చెప్పాను, సంక్రాంతికి వెళ్ళినప్పుడు. గట్టు మీద కూర్చుని ఓపిగ్గా విన్నాడు. "సరే, నాకు ఇంటికొచ్చే వీలుంది కాబట్టి కాపలా కాస్తున్నా. వాడికి లేదు. ఒప్పుకున్నా. మరి ఆ తండ్రి పోయిన కుర్రాడికి నువ్వేం చెప్తావ్?" అన్నాడు. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడులో నేను విననట్టు ఊరుకున్నాను.

తలారి తాత గురించి ఒకటి చెప్పడం మిగిలింది. నేను డిగ్రీలో ఉండగా ఆయనకి పాత ఊరి నుంచి ఒక శుభలేఖ వచ్చింది. ఆ మూడిళ్ళలో ఒక ఇంటి మనవరాలి పెళ్ళి. ఎవరు పంపారో, పొరపాటున పంపారో, తెలిసే పంపారో తెలీదు. ఆయన తెల్లపంచె కట్టుకుని, శుభలేఖ పసుపు మరక అంటకుండా కాగితంలో చుట్టుకుని, నన్ను బస్టాండుదాకా తోడు రమ్మన్నాడు. అవనిగడ్డ బస్సు వచ్చింది. లేవలేదు. "రద్దీగా ఉందిరా" అన్నాడు. తర్వాతి బస్సు సగం ఖాళీగా వచ్చింది. కండక్టరు ఎక్కుతావా తాతా అని అడిగాడు కూడా. తాత నా వంక చూసి, "ఎండెక్కింది, పోదాం పద" అన్నాడు.